కుడి బూటు కింద గీతలు

ఒక బుధవారం మధ్యాహ్నం షాపులో సైకిల్ వెనక చక్రానికి వంపు తీస్తుండగా ఫోన్లోకి ఫోటో వచ్చింది. గచ్చు నేల మీద ఒక జత బూట్లు. నల్లవి. లేసులు లేవు, పైన రెండు పట్టీలు. ఎడమది నిలబెట్టి, కుడిది బోర్లించి ఫోటో తీశారు. బోర్లించినదాని అడుగున ఇనుప బిళ్ళ. ఆ వెంటనే వాయిస్ మెసేజ్. ఇక్కడ నాకు అన్నలాంటివాడు ఒకాయన ఉండేవాడు, ఆయన కూతురు.

"చిన్నాయనా, బాగుండావా? నాయన పెట్టె తెరిస్తే అడుగున ఇవి ఉండాయి. కొత్త టవల్లో చుట్టిపెట్టినాడు. నాయనవి కావు ఇవి. ఎద్దుకు నాడాలు కొట్టినట్టు కింద ఇనుము ఉండాది. ఇట్లాటివి నాయన యాడ తొడుక్కుంటాడు? నాయన పనిచేసిన ఇంటి బాబావి అయ్యుంటాయి. ఒకరి సొమ్ము ఇంట్లో పెట్టుకోని నాయనకు నెల పెట్టుకోగూడదంటాంది మా అవ్వ. మా ఊరాయన సోమారం కువైట్‌కు వస్తాండాడు, ఆయన చేతికిచ్చి పంపిస్తా. నువ్వు తీసుకోని బాబా ఇంట్లో ఇచ్చెయ్. తెలిసి తెచ్చినాడో తెలీక తెచ్చినాడో, ఏదో ఒక మంచి మాట చెప్పి ఇచ్చెయ్ చిన్నాయనా."

అప్పటికి ఆయన పోయి ఇరవై రోజులైంది. రాయచోటి దగ్గర సొంతూళ్ళో, పొద్దున కాఫీ తాగి మంచం మీద వాలినవాడు మళ్ళీ లేవలేదట. కువైట్‌లో పని ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళి అప్పటికి రెండేళ్ళు. ఆ కబురు విన్నప్పుడు ఏడ్చాను గానీ కోపం రాలేదు. ఈ మెసేజ్ విన్నాక వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆయన మీద. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ బూట్లు తనవని ఒక్క మాట చెప్పలేదా ఈ మనిషి?

నేను సైకిల్ మెకానిక్‌ని. ప్రొద్దుటూరులో బాడుగ సైకిళ్ళ షాపులో పంక్చర్లతో మొదలుపెట్టి, ఇక్కడ కువైట్‌లో, అల్ రాయ్‌లో ఖరీదైన రేసు సైకిళ్ళ దగ్గరికి వచ్చి తేలాను. ముఖం చూసి మనిషి గుణం చెప్పమంటే నావల్ల కాదు. సైకిల్ చూపిస్తే చెబుతాను. బ్రేకు రబ్బర్లు తొందరగా అరగదీసేవాడికి భయం ఎక్కువ. సీటు ఒకవైపే అరిగిందంటే వాడికి నడుం నొప్పి ఉంది, ఇంట్లో చెప్పడం లేదని అర్థం. ఆయన్ని కూడా నేను మొదట చూసింది సైకిల్‌తోనే. కాకపోతే అది ఆయనది కాదు.

ఆయన ఒక కువైతీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పెద్దాయన్ని ఇక్కడి ఇళ్ళలో పనిచేసే అందరిలాగే బాబా అనేవాడు. బాబా ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషి, అరవై దాటాయి, సైకిలంటే పిచ్చి. ఆ సైకిల్‌ని ఈయన కారు వెనక పెట్టుకుని నా దగ్గరికి తెచ్చేవాడు. ఉత్తినే తెచ్చేవాడు కాదు, దుప్పటి చుట్టి తెచ్చేవాడు. దించి, దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, వేలి కణుపుతో టైరు మీద రెండు దెబ్బలు కొట్టి వినేవాడు, కడవ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు. "గాలి తక్కువ ఉండాదిరా" అనేవాడు. మిషన్ పెట్టి చూస్తే నిజంగానే తక్కువ ఉండేది.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. "నువ్వు పద, ఎనకాల వస్తా." టీ కొట్టు గుమ్మం దగ్గర అదే. జీబ్రా గీతల దగ్గర అదే. శుక్రవారాలు హవల్లీలో నా గదికి భోజనానికి వచ్చేవాడు. లిఫ్టు దగ్గర ఆయన పెద్దవాడు కదా అని నేను ఆగితే, ఆయన నన్ను ముందు ఎక్కమనేవాడు. ఇద్దరం మర్యాదలకు పోయి లిఫ్టును ఖాళీగా పైకి పంపిన రోజులున్నాయి. ఫోన్ చేసి యాడున్నావన్నా అంటే, "ఎనకాలే ఉండా" అనేవాడు. నిజానికి ఊరి అవతల సులైబియాలో ఉండేవాడు.

అది అలవాటు కాదు, ఆయన ఉద్యోగం. ఏటా వసంతకాలంలో బాబా మూడు వారాలు స్పెయిన్ పోయేవాడు. అక్కడ దక్షిణాన కొండ మీద ఒక పాత ఊరుంది. వెయ్యేళ్ళ కిందట అరబ్బులు కట్టిన కోట, కోటలోపల తెల్ల సున్నం ఇళ్ళు. కొండ కింద లోయలో బాబాకు చిన్న ఇల్లుండేది. రోజూ పొద్దున బాబా సైకిల్ మీద ఆ కొండ ఎక్కడం, ఈయన నీళ్ళు, అరటిపళ్ళు, ఇంకో చక్రం కారులో పెట్టుకుని పదిహేను గజాల దూరంలో వెంట రావడం. అట్లా పదకొండేళ్ళు. ఆ ఊరి పేరు ఆయనకు నోరు తిరగలేదు. కొండూరు అనేవాడు. కొన్నాళ్ళకు నేనూ అదే అన్నాను.

కొండూరి దారి నాకు నా షాపు నేల మీదే తెలుసు. పాత సామాన్ల డబ్బాలోంచి తెగిన చైన్ ఒకటి తీసి, నేల మీద మెలికలు తిప్పి పరిచేవాడు. పద్నాలుగు మలుపులు. ఒక్కో మెలిక మీద వేలు పెట్టి చెప్పేవాడు.

"ఈడ ఎడం చెయ్యి ఎత్తుతాడు, నీళ్ళు కావాల. ఈడ దగ్గుతాడు. ఇదో ఈ మలుపు కాడ నన్ను తిడతాడు, ఊరికే, ఊపిరి ఆడక. ఈడనించి రెండుపక్కలా ఆలివ్ చెట్లు, మన చీనీ తోటల మాదిరి వరసలు. ఎవుడూ హారన్ కొట్టడురా ఆడ. ఎనకాల నాలుగు బండ్లు నిలబడిపోయినా కొట్టరు. మేకల మెడగంటలు ఇనపడతాయి, బాబా చైన్ ఇనపడతాది. అంతే."

సైకిల్ తొక్కేవాళ్ళు ఎంతోమంది తమ దారుల గురించి నాకు చెప్పారు. ఇంత వివరంగా చెప్పినవాడు లేడు. ఇంతా చెప్పి ఆ దారిలో ఆయన ఒక్కసారి కూడా పెడల్ మీద కాలు పెట్టలేదు.

ఒకరోజు చైన్ చుట్టి డబ్బాలో వేస్తూ అన్నాడు. "కారుతో ఎక్కింది ఎక్కినట్టు కాదురా. తిరుమలకు బస్సులో పోయి, నడిచిపోయినా అని చెప్పుకోగలమా? ఒక్కసారి తొక్కి ఎక్కాల."

"ఎక్కు. ఎవరొద్దన్నారు?"

"నేనెక్కితే ఎనకాల బండి ఎవురు తెస్తారు?"

ఆ ఏడాదే బాబాకు గుండె ఆపరేషన్ అయింది. ఎత్తులు ఎక్కకూడదన్నారు డాక్టర్లు. స్పెయిన్‌లో ఇల్లు అమ్మేద్దామని పిల్లలు తేల్చారు. సామాన్లు సర్దడానికి బాబా ఒక్కసారి పోయి రావాలి, అంతే. ఈయన కూడా ఆ తర్వాత ఊరికి పోదామనుకున్నాడు. అంటే ఈసారి కాకపోతే మళ్ళీ లేదు. ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పాడు, నిలబడే చెప్పాడు, నా షాపులో ఆయన ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. చెప్పి, బాబా వాడకుండా పక్కన పెట్టిన పాత సైకిల్‌ని దుప్పట్లోంచి తీశాడు. "దీన్ని నా ఎత్తుకు దించు."

ఆ చలికాలమంతా శుక్రవారం పొద్దున సులైబియా తోటల వైపు రోడ్డు మీద తొక్కాం. కువైట్‌లో కొండ లేదు, అరచేయిలాంటి నేల. కానీ ఉత్తరం గాలి ఉంది. దానికి ఎదురు తొక్కితే కొండకన్నా ఏం తక్కువ కాదని చెప్పి ఆయన్ని గాలికి ఎదురు పంపేవాణ్ణి. బూట్లు నా దగ్గరే కొన్నాడు, తన సొంత జీతంతో. బిళ్ళలు నేనే బిగించాను. ఆ బిళ్ళ పెడల్‌కి టిక్కుమని పట్టుకుంటుంది. మడమ బయటికి తిప్పితే టిక్కుమని వదులుతుంది. తిప్పడం మరిచిపోతే మనిషీ సైకిలూ కలిసి పక్కకు పడతారు. మూడుసార్లు పడ్డాడు. ఒకసారి టమాటా బండి ముందే పడ్డాడు. తోటలో పనిచేసే బంగ్లాదేశీ వాళ్ళు పరుగెత్తుకొచ్చి లేపి, చిన్నపిల్లాడికి దులిపినట్టు దులిపారు.

"ఎద్దుకు కొట్టినట్టు కొడ్తివి కదరా నాడాలు" అని నన్నే తిట్టాడు. కూతురు అన్న మాటే. ఇంటి మాటలు అట్లా ఉంటాయి.

ఇదంతా బాబాకు తెలియకుండా చేస్తున్నాననుకున్నాడు. సైకిల్ పిచ్చి ఉన్నవాడి దగ్గర సైకిల్ సంగతి దాగదు. సీటు రెండు వేళ్ళు దిగిందని బాబా ఒక్క చూపులో పట్టేశాడు. నన్ను పిలిపించి, ఈసారి నువ్వు కూడా రా, సైకిళ్ళు విప్పి పెట్టెల్లో సర్దాలి అన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, ఈసారి కారు నేను నడుపుతాను అన్నాడు. నా వీసా కాగితాలన్నీ బాబా కొడుకు చూసుకున్నాడు. అట్లా నేను కొండూరు చూశాను.

చైన్‌లో చూసినట్టే ఉంది. మలుపు తర్వాత మలుపు, ఆలివ్ చెట్లు, మేకల గంటలు. పైన కోటగోడ, గోడ మీద తెల్లగా ఊరు. మా గండికోటకు సున్నం కొట్టినట్టుంది.

మొదటిరోజు ఆయన ముందు, కారు వెనక. స్టీరింగ్ ముందు బాబా, పక్కన నేను. మొదటి మలుపు దాకా బాగానే తొక్కాడు. మలుపు రాగానే టిక్కుమని కుడి బూటు విడిపించుకుని, రోడ్డు అంచున కాలు ఆనించి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, వంగి, ముందుకు పొమ్మని చెయ్యి చూపించాడు.

బాబా అద్దం దించాడు. "ఇంత అవ్వల్." నువ్వు ముందు అని.

"లా బాబా. అన వరా." కాదు బాబా, నేను వెనక.

"యల్లా, రూహ్." ఊఁ, పో అని.

కదిలాడు. రెండో మలుపు దగ్గర మళ్ళీ ఆగాడు. మూడో మలుపు దగ్గరా ఆగాడు. అలసిపోయి కాదు, ఊపిరి బాగానే ఉంది. వెనక బండి చప్పుడు వినబడితే, అందులో బాబా ఉన్నాడని గుర్తొస్తే, కుడి మడమ దానంతటదే బయటికి తిరిగిపోతోంది. ఈయన కాలు దించినప్పుడల్లా బాబా కారు ఆపేవాడు. ముందుకు పోడు. ఈయనా పోడు. హవల్లీ లిఫ్టు సంగతే కొండ మీద మళ్ళీ మొదలైంది. మా వెనక ఒక ఊరి బండి, దాని వెనక ఇంకోటి, ఆయన చెప్పినట్టే హారన్ కొట్టకుండా నిలబడ్డాయి. వాళ్ళు కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. తొమ్మిదో మలుపు దగ్గర ఆయన సైకిల్ తిప్పి, తల వంచుకుని కిందికి దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటి వెనక సైకిల్ తుడుస్తుంటే అడిగేశాను. "కాళ్ళు బాగుండాయి, ఊపిరి బాగుండాది. నీకు మెడ ఒక్కటే బాగలేదన్నా. ఎందుకట్ల తిరిగి తిరిగి చూస్తావు? చలికాలమంతా గాల్లో తొక్కిచ్చింది దీనికేనా?"

ఆయన గుడ్డతో చైన్ తుడుస్తూనే ఉన్నాడు. "పదకొండేండ్లు ఆ మనిషి ఈపు చూసుకోని ఈ దావలో పోయినారా. మలుపు ఎప్పుడు తిప్పల్ల, ఎప్పుడు నిదానం జెయ్యల్ల, అంతా ఆ ఈపు జూసే. ఇప్పుడు ముందర ఆ ఈపు లేదు. రోడ్డు ఒక్కటే ఉండాది. నాకు దావ కనపడ్డంలేదు."

నాకొచ్చిన అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి ఆ మాటలు బాబాకు చెప్పాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. బాబా విని, లేచి లోపలికి పోయాడు. మర్నాడు ఒక్క రోజే మిగిలింది, ఆ మర్నాడు తిరుగు ప్రయాణం.

పొద్దున బయటికి వస్తే కారు వెనక డిక్కీ తలుపు సందులో బాబా పాత పసుపు చొక్కా వేలాడుతోంది. సైకిల్ తొక్కేటప్పుడు బాబా వేసుకునేది, వీపు మీద మూడు జేబులున్నది. వీపు బయటికి కనబడేట్టు, తలుపు వేసి ఇరికించాడు. తను స్టీరింగ్ ముందు కూర్చుని ఈయనతో ఒకటే అన్నాడు, నేను ముందు పోతాను, నువ్వు వెనక రా అని. అది ఈయనకు తెలిసిన పనే. తలూపాడు.

నేను వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని అద్దంలోంచి చూస్తూ పోయాను. కారు నడక వేగంతో పోతోంది. వెనక పదిహేను గజాల్లో ఆయన, కళ్ళు ఆ పసుపు చొక్కా మీదే. మొదటి మలుపు దాటాడు. ఆగలేదు. నీళ్ళ మలుపు దగ్గర నేను కిటికీలోంచి సీసా చాపితే అందుకుని తాగి, సీసా జేబులో పెట్టుకున్నాడు. దగ్గు మలుపు, తిట్ల మలుపు. తిట్ల మలుపు దగ్గర నిజంగానే ఏదో తిట్టాడు, పెదాలు కదిలాయి. తొమ్మిదోది దాటాక నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాబా అద్దంలో నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

పద్నాలుగో మలుపు దాటితే కోట గుమ్మం కనబడుతుంది. అరబ్బుల నాటి రాతి కమాను. ఇంకా రెండు వందల గజాలుందనగా బాబా కారును పక్కకు తీసి ఆపేశాడు. ముందు రోడ్డు ఖాళీ.

ఆయన మెల్లగా వచ్చి కారు పక్కకు చేరి, చేత్తో కారును పట్టుకుని నిలిచాడు. నేను ముఖం చూడలేదు, కాలు చూశాను. మడమ బయటికి తిరిగింది. టిక్కుమంది. కుడి బూటు ఊడి గాల్లో వేలాడుతోంది.

బాబా అద్దం దించాడు. ఆయన వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ, "రూహ్. అన వరా" అన్నాడు. పో, నీ వెనక నేనున్నాను. పదకొండేళ్ళు ఈయన అన్న మాట, అదే పనివాళ్ళ అరబ్బీలో.

కుడి కాలు పెడల్ మీదికి తిరిగి వచ్చింది. తర్వాత మళ్ళీ టిక్కుమంది.

పెడల్ మీద లేచి నిలబడి తొక్కుకుంటూ కమాను కిందుగా లోపలికి పోయాడు. మేం వెనక పోయాం. లోపల రాళ్ళు పరిచిన వీధి, వీధి చివర చిన్న ఫౌంటెన్. అక్కడిదాకా పోయిన ఆయనకు ఎక్కడ ఆగాలో తెలియలేదు. ఎప్పుడూ బాబా ఆగితే ఆగినవాడే కదా. అందుకని ఫౌంటెన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడో చుట్టులో బాబా చెయ్యెత్తితే అప్పుడు ఆగాడు. సైకిల్ గోడకు ఆనించి, చెమట తుడుచుకుని, వచ్చి బాబా కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఊరికి పోయే రోజు ఎయిర్‌పోర్టులో అడిగాను, ఇంట్లో చెప్పావా అన్నా అని. నవ్వాడు.

"యట్ల చెప్పేదిరా? సైకిల్ తొక్కోని కూలికి పొయ్యేటోణ్ణి, కువైట్‌కొచ్చి కారెక్కినా అని ఊర్లో పేరు. ఇరవైయేండ్లకు మళ్ళా సైకిలెక్కినాడంటే పని పోయిందనుకుంటారు. బాబా కార్లో, నేను సైకిల్ మీదనా? ఎవురు నమ్ముతారు? బాబా ఎక్కినాడు, నేను ఎంబడి పోయినా అని చెప్పినా. అదీ అబద్ధం కాదు లే."

అప్పుడు నేనూ నవ్వాను. అదే తప్పు. గట్టిగా తిట్టి ఉండాల్సింది. చెప్పనందుకు ఇప్పుడు చూడు, పోయినాక కన్న కూతురే అనుమానపడింది, తండ్రి ఎవరివో బూట్లు తెచ్చుకున్నాడేమోనని.

చేతికున్న గ్రీసు తుడుచుకుని వాయిస్ మెసేజ్ పెట్టడానికి కూర్చున్నాను. మూడుసార్లు చెరిపేశాను. నాలుగోసారి ఇట్లా చెప్పాను.

"అమ్మా, ఆ బూట్లు ఎవురికీ ఇయ్యొద్దు. అవి మీ నాయనవే, నేనే అమ్మినా. కుడి బూటు తీసుకోని ఎలుతురులో కింద చూడు. ముందరపక్క గీతలు ఉంటాయి, ఎడం బూటుకు ఉండవు. మీ నాయన కొండెక్కతా మలుపు మలుపుకీ ఆ కాలు కింద పెట్టినాడు, బాబా ముందర పోవాలని. ఆ గీతలు అయ్యే. మర్నాడు మాత్రం యాడా పెట్టలా. కొండ మీది ఊర్లోకి మీ నాయనే ముందు పోయినాడు. బాబా ఎనకాల వచ్చినాడు. నేను కారులోనే ఉండా, నా కండ్లతో చూసినా."

తర్వాత పూసగుచ్చినట్టు అంతా చెప్పాను, ఫౌంటెన్ చుట్టూ తిరగడంతో సహా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. సోమవారం వాళ్ళ ఊరాయన దిగాడు. ఫోన్ చేస్తే, నాకు ఏ పార్సిలూ ఇవ్వలేదన్నాడు.

ఆయనకు నెల మాసికం పెట్టుకున్న రోజు ఫోటో వచ్చింది. గోడకు ఆయన పటం, దండ. కింద అరిటాకు, అన్నం, వడలు, పాయసం, కొత్త పంచె, పక్కన కాఫీ గ్లాసు. వాటన్నిటికీ ఇవతల, తుడిచి పెట్టిన నల్ల బూట్లు. కుడిది బోర్లించి ఉంది.

కింద మెసేజ్. "చెప్పులు పటం కాడ పెట్టగూడదని అందరూ తిట్టినారు చిన్నాయనా. మా అవ్వ ఒక్కతే పెట్టమనింది. అన్నిటికంటే ముందర పెట్టినా."